పైకి మాట రాని లోయ

తుంగశిఖర రాజ్యంలో ఆ ఉదయం సూర్యుడొక్కడే లేచాడు.

మిగిలినవేవీ లేవలేదు. కోళ్లు కూశాయి గాని, గోడ మీదికి ఎగరలేక మెడలు చాచి గోడనే చూస్తూ నిలబడ్డాయి. పొయ్యిలోని పొగ పైకి పోయే దారి మరిచిపోయి, ఇల్లంతా పాకి, గడప దాటి వీధి వెంట పారింది. పాలు కాగాయి గాని పొంగలేదు. కోట బురుజు మీద అలంకారానికని దించిన రాజుగారి జెండా మళ్లీ ఎక్కలేదు, నలుగురు వస్తాదులు కలిసి లాగినా సరే. వీటన్నిటికీ జనం ఎలాగో సర్దుకుపోయారు. మనిషి సర్దుకుపోలేనిది ఏముంది గనక! కాని ఒక్కదానికి మాత్రం సర్దుకోలేకపోయారు. పడుకున్న మనిషి లేవడం లేదు. పడిన మనిషి అసలే లేవడం లేదు. అందుకని ఊళ్లకు ఊళ్లు నిలబడే నిద్రపోయాయి. స్తంభాలకు కట్టుకుని కొందరు, ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని కొందరు, ముసలివాళ్లను మధ్యలో పెట్టుకుని చుట్టూ చేతులు పట్టుకుని ఇంకొందరు.

ఇదంతా కరాళభట్టు చేసిన పని. కేయూరవర్మ మహారాజు పట్టాభిషేకం నాడు ఆ మాంత్రికుడు సింహాసనంతో సమానమైన ఎత్తులో తనకూ ఆసనం వెయ్యమన్నాడు. సభ నవ్వింది. భటులు మెడపట్టి గెంటారు. కొలువుకూటం మెట్ల మీద మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా దొర్లుకుంటూ పోయి, మట్టిలో బోర్లా పడ్డాడు. చూసిన వాళ్లందరూ పొట్టలు పట్టుకుని నవ్వారేగాని ఒక్కడూ చెయ్యి అందించలేదు. వాడు మంచివాడని నేను చెప్పబోవడం లేదు. కాని ఆ రోజున ఎవడైనా ఒక్కడు చెయ్యి అందించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"పడేసిన చేతులు అన్ని ఉన్నాయి, లేపే చెయ్యి ఒక్కటి లేదా! ఇకమీదట మీ రాజ్యంలో పడినదేదీ లేవదు," అన్నాడు కరాళభట్టు. ఒక్క ఊపిరితో రాజ్యంలోని లేవడాన్నంతా పీల్చి ఒక తోలుతిత్తిలోకి ఊది మూతి బిగించి మాయమయ్యాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు అంజనం వేసి చూశాడు. రాజ్యం పడమటి సరిహద్దున పాతాళగండి అని ఒక లోయ ఉంది. దాని అడుగు చూసినవాడు లేడు. ఆ లోయ గోడకు నుదురులా పొడుచుకొచ్చిన బండ ఒకటుంది. దాని కింద, తేనెపట్టు వేలాడినట్టు తిత్తి వేలాడుతోంది. కొండతేనెటీగలు దాన్ని కాపలా కాస్తున్నాయి. "తిత్తి చేత పట్టిన మనిషి దూదిలా తేలికవుతాడు. లోయ పైకి తెచ్చి మూతి విప్పితే రాజ్యానికి విముక్తి," అని చెప్పాడు జ్యోతిష్కుడు. సైనికులు వెళ్లారు. దిగినవాళ్లు దిగినట్టే పోయారు. సగం రాజ్యం ఇస్తామని దండోరా వేయించాక, అప్పుడు గుర్తొచ్చారు ఏలినవారికి, కొండ అంచున గూడెం కట్టుకుని తాళ్ల మీద వేలాడి తేనె తీసే జనం.

సగం రాజ్యం కోసం కాదు గాని, బయ్యన్న ఒప్పుకున్నాడు. గూడెంలో అంతటి తేనెగాడు లేడు. ఆయన భార్య మైలమ్మ వాగులో నీళ్లు ముంచుకుని వస్తూ పాచిరాయి మీద కాలు జారి పడింది. గుడిసెకు మోసుకొచ్చారు గాని నిలబెట్టలేకపోయారు. కళ్లు తెరిచే ఉంది. ఊపిరి ఆడుతోంది. నోట మాట లేదు. అదీగాక, పడుకున్న చోటే నేల ఆమెను రోజుకింత చొప్పున మింగుతోంది. నిన్న సాయంత్రానికి మట్టి చెవుల దాకా వచ్చింది. ఈ పొద్దు గుంకేలోగా ముఖం మీదికి వస్తుంది.

*

పాతాళగండి అంచున బయ్యన్న నడుముకు తాడు బిగించుకున్నాడు. రెండో కొస ఓబన్న చేతిలో ఉంది. ఓబన్న మైలమ్మకు తోడబుట్టిన అన్న.

అది ఆ గూడెం కట్టుబాటు. తేనెకు దిగేవాడి తాడు అతని భార్య అన్నదమ్ములే పట్టాలి. తమ్ముడు పట్టకూడదు, స్నేహితుడు పట్టకూడదు, కన్నతండ్రి కూడా పట్టకూడదు. ఎవరి చేతిలో తాడు జారితే వాళ్ల ఇంటి ఆడబిడ్డ బొట్టు పోతుందో, వాళ్ల చేతిలోనే ఆ తాడు భద్రంగా ఉంటుందని పెద్దలు అనుకున్నారు. ఆడవాళ్లు తాడు ముట్టనే కూడదు. ఇంకో కట్టుబాటు, తాడు మీదున్నవాడి మాటే మాట. దించు అంటే దించాలి. ఎత్తు అంటే ఎత్తాలి. ఏ మాటా రాకపోతే ఉన్నచోటే పట్టుకుని ఉండాలి. ఓబన్న తండ్రి ఒకసారి, తాడు అదిరితే కంగారుపడి, మాట రాకుండానే లాగాడు. తాడు రాతి అంచుకు ఒరుసుకుని తెగింది. అలా మొగుణ్ణి పోగొట్టుకున్న మేనత్త ఒడిలోనే ఓబన్న పెరిగాడు. ఆమె ఎన్నడూ అన్నను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆయన చచ్చేదాకా ఏడ్చాడు.

"తాడు సూసినావా బావా?" అన్నాడు బయ్యన్న.

"తెల్లారినప్పట్నించీ దాన్నే సూస్తా ఉండా. నీ మొగం సూడలేక."

"నా మొగానికేమైందిప్పుడు? సగం రాజ్యానికి రాజును కాబోతా ఉంటినే."

"ఏం జేసుకుంటావు బావా, సగం రాజ్యం?"

"నీకే ఇచ్చేస్తా. రాజువైతే నీకు తీరికుండదు. నామీద మీ చెల్లెలికి చాడీలు చెప్పేవాడుండడు." బయ్యన్న నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. గుడిసె వైపు చూశాడు. లోయ భుజం మీద, పిలిస్తే వినపడేంత దూరంలో ఉంది అది. "నేను పొయ్యేముందర చెవిలో మట్టి తీసి చెప్పొచ్చినా బావా, వస్తానని. విన్నదో లేదో."

"విన్నాది. పో. పొద్దెక్కతా ఉండాది," అన్నాడు ఓబన్న.

బయ్యన్న దిగాడు.

పాతాళగండి గోడలు నల్లగా, నీలంగా, అక్కడక్కడా గంధకం పచ్చగా మెరుస్తున్నాయి. పగుళ్లలో పెరిగిన చెట్లు కొమ్మల్ని కిందికే చాచాయి. పూలు కిందికే విచ్చుకున్నాయి. ఎక్కడో ఒక జలపాతం దూకుతోంది గాని దాని తుంపర పైకి లేవడం లేదు. లోయ అడుగున మంచు కదలకుండా, పరిచిన దుప్పటిలా పడి ఉంది. దాని కింద ఏముందో దేవుడికి తెలియాలి.

"దించు బావా!" అని బయ్యన్న హుషారుగా కేకేశాడు. ఓబన్న తాడును రాతికొమ్ముకు ఒక మెలికా, తన నడుముకు ఒక మెలికా వేసుకుని జాగ్రత్తగా వదిలాడు. "ఇంకాస్త దించు! ఆఁ, చాలు!"

అంచు మీదికి వంగితే బండనుదురు ఏటవాలుగా కనిపిస్తోంది. దాని మీద బయ్యన్న కాళ్లూనుకుని, పచ్చాకుల కట్టకు నిప్పు రాజేశాడు. మామూలు రోజుల్లో పొగ పెట్టడానికి పట్టు కిందికి పోవాలి. ఈ రోజు పొగ తనంత తానే కిందికి పారి, బండను చుట్టుకుని, ఈగల మీద పడింది. లోయంతా గుయ్యిమంది. నల్లటి మబ్బు ఒకటి విడిపోయి బయ్యన్న మీదికి ఎగరబోయింది. ఎగరడమెక్కడుంది? వడగళ్లలా రాలి మంచు దుప్పటిలో మునిగిపోయాయి ఈగలు. పోతూ పోతూ కొన్ని కుట్టాయి. బయ్యన్న వాటిని బూతులు తిట్టడం విని ఓబన్నకు ప్రాణం లేచొచ్చింది.

తరువాత బయ్యన్న బండ కిందికి ఊగి కనుమరుగయ్యాడు. కొంతసేపు చప్పుడు లేదు. అంతలో తాడు సంతోషంగా రెండుసార్లు ఊగింది. ఆ ఊపు ఓబన్నకు బాగా తెలుసు. పట్టు చేతికందితే బావ తాడును అలాగే ఊపుతాడు.

"దించు బావా!"

ఓబన్న ఆశ్చర్యపోయాడు. తిత్తి బండ కిందనే ఉండాలి కదా, ఇంకా కిందికెందుకు? అయినా తాడు మీదున్నవాడి మాటే మాట. వదిలాడు.

"దించు! దించు బావా!"

ఇంకా వదిలాడు. ఈసారి గొంతులో ఏదో తేడా ఉంది. చుట్టలు చుట్టలుగా ఉన్న తాడు కరిగిపోతోంది. ఎండ నడినెత్తికి వచ్చింది. కేక మళ్లీ వచ్చింది, చాలా లోతు నుంచి, సన్నగా. "దించు బావా" అనే. ఓబన్న అరచేతులు మండుతున్నాయి. "ఇంకా యాడికి బావా?" అని అరిచాడు. జవాబుగా అదే మాట వచ్చింది. మళ్లీ వదిలాడు.

"నాయనా ఓబన్నా!"

వెనక ఒక ముసలి బైరాగి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కమండలం, ఇంకో చేతిలో సాంబ్రాణి ధూపం. ముఖంలో దయ కారిపోతోంది. "ఎంత శుభవార్త తెచ్చాననుకున్నావు! నీ చెల్లెలు లేచి కూర్చుంది నాయనా. మట్టి దులుపుకుని అన్న ఏడీ అని ఏడుస్తోంది. తాడు ఆ రాతికొమ్ముకు కట్టేసి ఒక్కసారి పోయి కనపడి రా."

ఓబన్న గుండె ఒక్క గెంతు గెంతింది. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. చేతులు వాటంతట అవే తాడును రాతికొమ్ముకు చుట్టబోయాయి. కళ్లు తుడుచుకుందామని ముఖాన్ని భుజానికి రాసుకున్నాడు. అప్పుడు కనిపించింది ధూపం. దాని పొగ దారం పట్టి లాగినట్టు నిటారుగా ఆకాశంలోకి పోతోంది.

"సామీ, మీ పొగ శానా బాగుంది," అన్నాడు ఓబన్న. "మా పొగలన్నీ పాకుతా ఉండాయి, దానికొక్కదానికే ఎట్లొచ్చినాయి కాళ్లు?"

బైరాగి ఉలిక్కిపడి ధూపం వైపు చూసేలోగా, తాడు వదలకుండానే, ఓబన్న కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. నిప్పులు గడ్డం మీద పడ్డాయి. గడ్డం భగ్గుమంది. బైరాగి వేషం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి కరాళభట్టు బయటపడ్డాడు. ఎంత పొడుగో అంత వంకర. మెట్ల మీద పగిలిన నుదుటి గాయం ఇంకా మానలేదు. వాడు గాలిలోకి లేచి తాటిచెట్టంత ఎత్తున నిలబడ్డాడు. ఆ రాజ్యంలో లేవగలిగినవాడు వాడొక్కడే మరి.

"తేనెగాడా! నీ బావ చేతికి తిత్తి ఎప్పుడో చిక్కిందిరా. ఆ లోయలో పైకి పొమ్మనే మాట ఏ నాలుక మీదికీ రాదు. ఎత్తమని అడగబోతే నోటికి దించమనే వస్తుంది. వాడు ప్రాణం పెట్టి ఎత్తమంటున్నాడు, నువ్వు దించుతున్నావు. కిందికి పోయిన కొద్దీ, తిత్తి పట్టినవాడైనా సరే, మనిషి బరువెక్కుతాడు. నీ చేతులారా నువ్వే వాణ్ణి నాకు అప్పగించావు!" అని విరగబడి నవ్వి, గద్దలా రెక్కలు ముడిచి లోయలోకి దూకాడు.

ఓబన్న తాడు వదలడం ఆపాడు. వాడు చెప్పింది నిజమా? లేక మాట రాకుండా తాడు లాగించి, రాతి అంచు మీద తెగగొట్టించే ఎత్తా? శత్రువు మాట నమ్మి లాగాలా? బావ మాట నమ్మి దించాలా? మేనత్త తెల్లచీర కళ్లముందు ఆడింది.

"దించు బావా..."

ఈసారి ఓబన్న మాటను వినలేదు. గొంతును విన్నాడు. బావ ఏడుస్తున్నాడు. ఇన్నేళ్లలో, ఎన్ని కొండల మీదో, బావ దించమని కేకేస్తుంటే విన్నాడు. ఒక్కనాడూ ఏడుస్తూ అడగలేదు.

"అయ్యో బావా!" అని గావుకేక పెట్టి, తన తలగుడ్డ విప్పి రాతి అంచున తాడు కింద మెత్తగా వేసి, మడమలు తన్నిపెట్టి లాగాడు. తాత ముత్తాతల కట్టుబాటు కాస్తా గండిలో కలిసింది. తాడు మాత్రం రాలేదు. కొండను కట్టి లాగుతున్నట్టుంది. అరచేతుల చర్మం ఊడి తాడుకు అంటుకుంది. పిచ్చివాడిలా లాగాడు. దిగువన కరాళభట్టు హుంకారం వినిపించింది. దాని మీదుగా బయ్యన్న గొంతు, ఈసారి దించమని కాదు.

"మైలమ్మా!"

తాడు ఒక్కసారిగా తేలికైపోయింది. ఓబన్న వెల్లకిలా పడబోయి తమాయించుకున్నాడు. తాడు దానంతట అదే పైకి వస్తోంది, గాలిపటం తోకలా ఊగుతూ, ఎవరూ లాగకుండానే. దాని చివర తోలుతిత్తి ఉంది. తిత్తి ఉంది గాని మనిషి లేడు.

తెగిందేమోనని చూశాడు. తెగలేదు. బయ్యన్న తన తలగుడ్డతో తిత్తిని తాడుకు కట్టాడు, తేనెగాళ్ల ముడి, రెండు కొసలూ లోపలికి దోపి, తీరిగ్గా, పద్ధతిగా. తిత్తి తనను తాను మోసుకోగలదు, తాడును మోయగలదు. అంత లోతుకు దిగిపోయి బరువెక్కిన మనిషిని కూడా మోయలేదు. తిత్తో మనిషో, ఒకరు కిందే ఉండిపోవాలి. బావ లెక్క తేల్చుకుని తన నడుము ముడి తానే విప్పుకున్నాడు. మొదటిసారి అడిగినప్పుడే లాగి ఉంటే తిత్తితో పాటు బావ కూడా వచ్చేవాడు. ఓబన్న ఆ తలగుడ్డ ముఖానికి అదుముకుని పెద్దగా ఏడ్చాడు. ఏడుస్తూనే తిత్తి మూతి విప్పాడు, పొద్దు గుంకితే చెల్లెలు కూడా దక్కదు గనక.

*

ముందు ఒక నిట్టూర్పు వినిపించింది. తరువాత లోయలో మంచు కదిలి, ఒళ్లు విరుచుకుని, తెల్లటి తెరలు తెరలుగా లేచింది. దానితో పాటు జలపాతం తుంపర లేచింది, తుంపరలో ఇంద్రధనుస్సు లేచింది. ఈగలు గుంపులు గుంపులుగా పైకి ఎగసి ఎవర్నీ కుట్టకుండా తమ దారిన పోయాయి. వంగిన కొమ్మలు నిటారుగా నిలిచాయి. దూరాన నగరంలో వేయి ఇళ్ల పొగలు వేయి స్తంభాల్లా లేచాయి. కొలనుల్లోంచి హంసలు, చూరుల మీదికి కోళ్లు, వేణ్ణీళ్ల మీద ఆవిరి, బురుజు మీద జెండా, పొయ్యిల మీద పాలు, అన్నీ ఒక్కసారే. పడినవాళ్లు లేచారు, లేచినవాళ్లు ఎగిరి గంతులేశారు. భేరీలు మోగాయి. రాజ్యమంతా నవ్విన ఆ గడియలో, లోయలోంచి కరాళభట్టు అరుపు ఒకటి వినిపించింది. తన లేవడం కూడా పోగొట్టుకున్నవాడి అరుపు అది. వాడు కిందనే ఉన్నాడు. బావ కూడా అక్కడే ఉన్నాడు.

మైలమ్మ వచ్చింది. తలనిండా మట్టి, చెవుల్లో మట్టి. తడబడుతూ, తూలుతూ, గుడిసె నుంచి అంచు దాకా పరిగెత్తుకొచ్చింది. ఓబన్న ముఖం ఎత్తలేదు. తలగుడ్డ మాత్రం చాచాడు.

"దించమన్నాడమ్మా," అన్నాడు. "దించినా. అడిగినప్పుడల్లా దించినా. నేనే దించినా."

ఆమె ఆ గుడ్డను గుండెకు అదుముకుని ఏడ్చింది. అన్న భుజం మీద పిడికిళ్లతో కొట్టింది. కొట్టిన చోటే తల ఆనించి మళ్లీ ఏడ్చింది. చాలాసేపటికి లేచి, ముక్కు తుడుచుకుని, చుట్టలు చుట్టి పడేసిన తాడు వైపు చూసింది.

"సచ్చిపోయినాడని సూసినావా?"

"లేదు."

"మరి తాడెందుకు సుట్టేసినావు?"

"అడుగు సూసినోడు లేడు తల్లీ ఆ లోయకి. మంత్రగాడు గూడా ఆడనే ఉండాడు."

"నేను మట్టిలో ఉన్నానన్నా," అంది మైలమ్మ. "చెవి నేలకంటుకొని ఉండె. కొండలోపలి సప్పుడంతా నాకు వినబడె. ఆయప్ప ఏడ్సేది వినబడె. కిందపడిన సప్పుడు వినబడె. పడినాక గూడా ఊపిరి తీస్తా ఉండె, నా పేరు పిలస్తా ఉండె. అప్పుడే తిత్తి విప్పినావు నువ్వు. ఊరంతా లేస్తా ఉంటే నాకొక్కదానికే లేవబుద్ధి కాలేదన్నా. చెవి తీస్తే ఆ పిలుపు పోతాదని."

ఆమె కొంగు బిగించి దోపుకుంది. బయ్యన్న తలగుడ్డను తలకు చుట్టుకుంది. తాడు కొస అందుకుని నడుముకు కట్టుకుంది, తేనెగాళ్ల ముడి, రెండు కొసలూ లోపలికి దోపి.

"ఆడది తాడు ముట్టగూడదే!"

"ముట్టకుండా నాకేం మిగిలిందో సెప్పు," అంది మైలమ్మ. "ఆయప్ప తాడు నువ్వు పట్టింది ఎవురికోసం? నాకోసమే గదా. ఇప్పుడు గూడా నాకోసమే పట్టు."

అంచు మీద కూర్చుని కాళ్లు లోయలోకి జార్చింది. ఓబన్న పుండుపడిన చేతులతో తాడు అందుకున్నాడు. ఏ ఆడబిడ్డ బొట్టు నిలబడాలని తాడు అన్న చేతికిస్తారో, ఆ ఆడబిడ్డే ఇప్పుడు తాడుకు వేలాడుతోంది.

"దించన్నా," అంది.

దించాడు. రక్తంతో తాడు ఎర్రబడుతూ వచ్చింది. ఆమె మంచులోకి పోయింది. జలపాతం దాటింది. తాడు చుట్టలన్నీ అయిపోయి, కొస అతని నడుము దాకా వచ్చింది. తాడు మీద బరువు తగ్గింది. ఆమె కాళ్లు ఎక్కడో ఆనాయి. అప్పుడు లోతు నుంచి గొంతు వచ్చింది, సన్నగా, కాని స్పష్టంగా.

"అన్నా! దించొద్దు, ఎత్తొద్దు. ఎవురో ఊపిరి తీస్తా ఉండారు ఈడ. ఆయప్పో, ఆ మంత్రగాడో తెలీలేదు. పట్టుకోనే ఉండు!"

సరిగ్గా అప్పుడే కోట నుంచి మేళతాళాలతో రాజుగారి పరివారం కొండ ఎక్కి వచ్చింది. ముందు నడుస్తున్న సేనాని పూలదండ పట్టుకుని, "తేనెవీరా! మహారాజుగారు నీకోసం పట్టపుటేనుగును పంపారు. లే, లేచి అంబారీ ఎక్కు!" అని పిలిచాడు.

ఓబన్న తల తిప్పలేదు. కొసను నడుముకు ఇంకో చుట్టు చుట్టుకుని, మడమలు రాతిలో తన్నిపెట్టి కూర్చుని, "మేళం ఆపండయ్యా," అన్నాడు. "నాకు కింది మాట వినబడాల."